తుక్కు హెడ్విగ్ ఇంటి రైలు

ఎష్‌బాఖ్ ఊళ్ళో రైలు బొమ్మకు ఒక కాలం ఉంది. క్రిస్మస్‌కు నాలుగు వారాల ముందు ఇంటాయన అటకెక్కి చెక్కపెట్టె దించుతాడు. హాల్లో తివాచీ చుట్టి మూలన పెట్టి, పట్టాలు పరుస్తాడు. జనవరిలో ముగ్గురు రాజుల పండగ వెళ్ళిందంటే చాలు, ఇంజనూ పెట్టెలూ గుడ్డపేలికలు చుట్టుకుని మళ్ళీ అటకెక్కుతాయి. మధ్యలో రైలు మాటెత్తిన పిల్లాడికి వీపు మీద ఒకటి పడుతుంది. ఈ ఆనవాయితీ ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే ఎవరూ తప్పరు.

హెడ్విగ్ కిమ్మెర్లె తప్పింది. ఆవిడ ఇంట్లో రైళ్ళు జులైలో నడిచేవి. అదీ కిటికీలు బార్లా తెరుచుకుని, వీధిలో పోయేవాళ్ళకు చక్రాల చప్పుడు వినపడేలా. ఎదురింటి బెర్తాకు అది చూస్తే ఒళ్ళు మండేది.

"ఏమే హెడ్విగ్, మండుటెండలో రైలేమిటే? వచ్చే నెల క్రిస్మస్ చెట్టు కూడా పెడతావా?"

"బుద్ధి పుడితే పెడతా. నీ ఇంట్లో పెట్టమని అడగన్లే."

"లోకం నవ్వుతుందే."

"నవ్వనీ. మూతి ముడుచుకుని కూచునే లోకమేగా, కాస్త నవ్వితే ఆరోగ్యం."

తల్లి వదిలిపోయిన మూడు గదుల ఇల్లు హెడ్విగ్‌ది. పెళ్ళి చేసుకోలేదు. బనియన్ల మిల్లులో పనిచేసి రిటైరైంది. ఆ మూడు గదుల గోడలకూ నేలకానించి కన్నాలు కొట్టించింది. వంటింట్లో రొట్టెల డబ్బా పక్కన బయల్దేరిన రైలు కన్నంలోంచి హాల్లోకి వచ్చి, సోఫా చుట్టూ తిరిగి, మంచం కిందుగా పోయి, మళ్ళీ వంటింట్లో తేలేది. చుట్టూ అరల నిండా పాతకాలపు రేకు రైళ్ళు. తాళంచెవి తిప్పితే నడిచేవి కొన్ని, కరెంటువి కొన్ని. పచ్చ పెట్టెలు, పాల బండ్లు, బొగ్గు బండ్లు, మూరెడు పొడుగు వంతెన, దీపం వెలిగే స్టేషను. రంగు ఊడినచోట కొత్త రంగు వెయ్యడమనేది ఆవిడ చెయ్యలేదు. ఎవరో పిల్లాడు ఆడుకుంటే పడ్డ గీతలవి, వాటిని చెరిపే హక్కు తనకు లేదనేది. ఇంతా చేస్తే అందులో ఒక్కటీ కొన్నది లేదు. అన్నీ ఊరు పారేసినవే.

ఆ సంగతి చెప్పాలి. ఏడాదికి రెండుసార్లు మునిసిపాలిటీ లారీ పెద్ద తుక్కు కోసం వస్తుంది. ముందురోజు ఎవరింటి ముందు వాళ్ళు విరిగిన కుర్చీలు, పరుపులు, పాత పొయ్యిలు వీధిలో పెడతారు. పెట్టాక అది ఎవరిదీ కాదు, కావలసినవాడు పట్టుకుపోవచ్చు. ఊరంతా పట్టుకుపోతుంది కూడా. కాకపోతే చీకటి పడ్డాక, తల వంచుకుని. తెల్లారాక అదే మనుషులు రొట్టెల కొట్లో కలుసుకుని, "ఛీ, ఆ తుక్కు ఎవరికి కావాలండీ" అనుకుంటారు. హెడ్విగ్ మాత్రం మిట్టమధ్యాహ్నం నాలుగు చక్రాల చెక్కబండి గడగడలాడించుకుంటూ నడివీధిలో వెళ్ళేది. ప్రతి కిటికీ తెర వెనకా ఒక జత కళ్ళుంటాయని తెలుసు. తెలిసే వెళ్ళేది. ఆ రోజుల్లోనే ఆవిడకు తుక్కు హెడ్విగ్ అని పేరు పడింది.

"సిగ్గుగా లేదూ?" అని ఒకావిడ మొహం మీదే అడిగింది.

"నాకెందుకు సిగ్గు? పారేసింది మీరు."

అరవైల్లో ప్లాస్టిక్ రైళ్ళు వచ్చాయి. చిన్నవి, నున్ననివి, అసలు రైలుకు అచ్చుగుద్దినట్టుండేవి. దాంతో తండ్రులనాటి రేకు రైళ్ళన్నీ వీధిన పడ్డాయి. హెడ్విగ్ ఏరుకుంది, తుడిచింది, మిల్లు నుంచి తెచ్చుకున్న సూదులతో, నూనెతో ఒక్కొక్కదాన్నే నడిపించింది. పాతికేళ్ళు గడిచేసరికి ఆ రేకులకే పట్నాల్లో వేలంపాటలు మొదలయ్యాయి. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, పారేసినవాళ్ళందరికీ ఒక్కసారిగా తమ చిన్నప్పటి రైలు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మా ఊరి మగవాళ్ళ కంట్లో అంత నీరుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఎనభయ్యారో సంవత్సరం వేసవిలో ఓ పత్రికవాడు వచ్చి హెడ్విగ్‌నూ ఆవిడ రైళ్ళనూ ఫోటో తీసి వేశాడు. ఆ ఫోటోలో ముందు వరసలో ఎర్ర చక్రాల నల్ల ఇంజను ఉంది. మందుల షాపు ఎబర్‌హార్ట్ వోర్న్‌లె దాన్ని చూసి కాఫీ కప్పు కింద పెట్టాడట. మర్నాడే చాక్లెట్ల పెట్టెతో గుమ్మంలో నిలబడ్డాడు. ఈయన ఊరి రైలు బొమ్మల సంఘానికి అధ్యక్షుడు. ఇంజనుకు ఎన్ని రివెట్లున్నాయో లెక్కపెట్టి, ఒకటి తక్కువైతే రాత్రి నిద్రపోని రకం.

"ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నారండీ హెడ్విగ్ గారూ! ఈ ఇంజను మా నాన్న నాకు కొన్నది, తెలుసా?"

"తెలియకేం. మీ గడప అవతల నిలబడి చూసినదాన్నేగా."

"అయితే ఇంకేం, పని తేలికైంది. ఊరు పుట్టి ఆరొందల ఏళ్ళయిన సందర్భంగా టౌన్‌హాల్లో అద్దాల బీరువా చేయిస్తున్నాం. 'వోర్న్‌లె కుటుంబం వారి రైలు' అని పెడదాం. కింద మీ పేరు కూడా చిన్నక్షరాల్లో..."

"బీరువాలో నడుస్తుందా?"

"నడవడమేమిటండీ! యాభై ఏళ్ళ వస్తువు. నడిపితే అరిగిపోదూ?"

"నాకూ అరవై నిండాయి. నన్నూ బీరువాలో పెడతారా?"

ఆయన నవ్వాలో మానాలో తెలియక చాక్లెట్ల పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత గొంతు మార్చాడు. "చూడండి, మా అమ్మ పారేసే మనిషి కాదు. రైలు ఉన్న చెక్కపెట్టెకు నేను తాళం వేసి అటకెక్కించాను, ఇన్నేళ్ళూ అక్కడే ఉందనుకున్నాను. అది మీ ఇంటికెలా వచ్చిందో మరి."

"మీ గుమ్మం ముందు తుక్కులో ఉంటే వచ్చింది. తాళంతో సహా. పట్టపగలు, వీధంతా చూస్తుండగా తెచ్చుకున్నాను."

"చూద్దాం," అన్నాడాయన. చాక్లెట్లు వెనక్కి పట్టుకుపోయాడు.

హెడ్విగ్‌కు ఆ ఇంజనంటే ఎందుకంత పట్టుదలో తెలియాలంటే చిన్నప్పటి గడప సంగతి వినాలి. ఆవిడ తల్లి పౌలీన్ మందుల షాపు వాళ్ళింట్లో బట్టలుతికేది. క్రిస్మస్ వారంలో దుప్పట్ల మూట మోయడానికి సాయంగా హెడ్విగ్ వెళ్ళేది. హాల్లో రైలు తిరుగుతూ ఉండేది. ఎబర్‌హార్ట్ మీట దగ్గర నేలమీద బోర్లా పడుకుని ఉండేవాడు. వాడి చెల్లెలు ఇర్మ్‌గార్ట్, తెల్ల మేజోళ్ళేసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని సోఫా మీద కూచునేది. హెడ్విగ్ గడప దాటబోతే వాడు తల కూడా ఎత్తకుండా అనేవాడు: "ముట్టుకోకు. ఆడపిల్లలు ముట్టుకుంటే కరెంటు పాడవుతుంది." చెప్పింది ఒక్క హెడ్విగ్‌కే కాదు. సోఫా మీద ఉన్నదానికీ అదే శాసనం.

ఇంటికొచ్చి హెడ్విగ్ ఏడిస్తే తల్లి ఓదార్చలేదు. "మనది కానిదాని మీద చెయ్యి వెయ్యకు. మనదైన రోజున ఎవడన్నా చెయ్యి వేస్తే ఊరుకోకు," అంది. అంతే. ఆ మనిషి అలాంటిది. చాకలిసోడా నీళ్ళలో నాని వేళ్ళు పగిలిపోయేవి. ఉతికే చొక్కా జేబులో ఊడిన గుండీ దొరికితే దాన్ని కూడా ఇస్త్రీ మడత మీద పెట్టి తిరిగి ఇచ్చేది.

ఇప్పుడు ఆ మనిషి మీద పడింది ఊరి నోరు. ఎబర్‌హార్ట్ బీరు కొట్లో సంఘంవాళ్ళ మధ్య కూచుని ఒక మాట వదిలాడు: బట్టలుతికే పౌలీన్ దుప్పట్ల మూటలో ఏమేం దాటిపోయాయో ఎవరు చూడొచ్చారు, అని. ఆయన ఇంకేమీ అనలేదు. అనక్కర్లేదు. వారం తిరిగేసరికి ఆ మాటకు కాళ్ళొచ్చాయి, చేతులొచ్చాయి. హెడ్విగ్ రొట్టెల కొట్లో అడుగు పెడితే మాటలు ఆగిపోయేవి. నిప్పు లేనిదే పొగ రాదుగా అని ఒకామె తన సంచీకి చెప్పుకుంది.

తన్ను తుక్కు అన్నా తిక్క అన్నా హెడ్విగ్ దులపరించుకునేది. మట్టిలో కలిసిన తల్లిని దొంగ అంటే మాత్రం ఊరుకోలేదు. సరాసరి బెర్తా ఇంటికెళ్ళింది.

"ఆ రోజు నువ్వు తెర వెనకాల నుంచి చూశావు. నీ కిటికీలోంచి వాళ్ళ గుమ్మం కనిపిస్తుందిగా, అక్కడ నేను పెట్టె బండిలో పెడుతుంటే నీ ముక్కు అద్దానికి అంటుకుని ఉంది. ఆ మాట నలుగురిలో చెప్పు."

బెర్తా అప్పటికే తుడిచిన బల్లను మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. "ఏమోనే... ఎప్పటి మాటో. గుర్తు లేదు."

"నిరుడు నేను మెట్లు ఊడవని శనివారం ఏదో నీకు గుర్తుంది. ఇది గుర్తు లేదా?"

"నా బీపీ మాత్రలు ఆయన షాపులోనే కదే కొనుక్కోవాలి," అంది బెర్తా నసుగుతూ.

"మాత్రలు వేసుకో. వెన్నెముకకు కూడా ఏదైనా ఉందేమో అడుగు," అని హెడ్విగ్ లేచి వచ్చేసింది.

శనివారం పొద్దున్నే రొట్టెల కొట్టు కిటకిటలాడే వేళ చూసుకుని వెళ్ళింది. ఎబర్‌హార్ట్ జంతికల్లాంటి ఉప్పు రొట్టెల కోసం వరసలో నిలబడి ఉన్నాడు. అంత మంది మధ్యనుంచే గొంతెత్తింది.

"ఎబర్‌హార్ట్ గారూ! బీరు కొట్లో మా అమ్మ మీద అన్న మాట రేపు నా ఎదుట అనండి. చర్చి అయ్యాక, కాఫీ వేళకు, మా ఇంటి తలుపు తీసి ఉంటుంది. ఊరంతా రండి. మా అమ్మ తీసిందని ఒక్కరు రుజువు చెయ్యండి, ఆ ఒక్క ఇంజనే కాదు, ఇంట్లో ఉన్న రైళ్ళన్నీ నా చెక్కబండి మీద నేనే టౌన్‌హాలుకు తోలుకొస్తా. చెయ్యలేకపోతే పౌలీన్ కిమ్మెర్లె ఏమీ తియ్యలేదని అందరి ముందూ ఈయన అనాలి. గట్టిగా."

ఎబర్‌హార్ట్ చెవులు ఎర్రబడ్డాయి. "వస్తాను. సాక్షితో వస్తాను," అన్నాడు.

ఆ సాయంత్రం హెడ్విగ్ పిండి కలిపి జడలా అల్లి తీపి రొట్టెలు కాల్చింది. తిట్టడానికి వచ్చేవాళ్ళకైనా ఆదివారం కాఫీతో రొట్టె పెట్టకపోతే మా ఊళ్ళో తలవంపు. చేతులు పిండిలో ఉన్నంతసేపూ ధైర్యంగానే ఉంది. కడుక్కుని కూచున్నాక భయం వేసింది. చూసినవాళ్ళు సగం మంది చచ్చిపోయారు, మిగతా సగం మాత్రలు వాడుతున్నారు. ఆయన ఎవర్ని సాక్షి తెస్తాడో తెలియదు. అబద్ధం చెప్పేవాణ్ణి తెస్తే తన దగ్గర ఉన్నది తన మాటొక్కటే. అరల్లో రైళ్ళ వంక చూసింది. "పోతే పోతారు, తల దించుకుని మాత్రం పోరు," అంది వాటితో. రైళ్ళతో మాట్లాడే అలవాటు ఆవిడకు ఎప్పటినుంచో ఉంది, దాచుకునేదీ కాదు.

ఆదివారం జనం పట్టలేదు. హాల్లో కొందరు, వంటింట్లో కొందరు, కిటికీ బయట కొందరు. మగవాళ్ళు అరల ముందు నిలబడి, "ఇది మా ఇంటిదిరా," "ఆ వంతెన మాదే," అని గుసగుసలాడారు. ఎవరికీ గట్టిగా అనే దమ్ము లేదు. రొట్టె మాత్రం అందరూ తిన్నారు. బెర్తా తలుపు పక్కన, వెళ్ళిపోవడానికి వీలుగా నిలబడింది.

ఎబర్‌హార్ట్ సంఘం మనుషులిద్దరితో వచ్చాడు. వెనకాల ఇర్మ్‌గార్ట్. ఆవిడా పెళ్ళి చేసుకోలేదు. జీవితమంతా అన్న షాపులో గల్లా పెట్టె దగ్గర కూచుంది. చిల్లర లెక్క తప్ప ఆవిడ నోట పొడుగు మాట విన్నవాళ్ళు లేరు. హెడ్విగ్‌కు అర్థమైంది. సాక్షి అంటే ఇంటిమనిషేనన్నమాట. అన్న గీసిన గీటు దాటని చెల్లెలు.

"ఇదిగో, మా చెల్లెలు. ఆ ఇంట్లోనే పుట్టి ఆ ఇంట్లోనే ఉన్న మనిషి. ఇర్మీ, వీళ్ళకు చెప్పు. మన అమ్మ ఆ పెట్టెను వీధిలో పెట్టిందా?"

"లేదు," అంది ఇర్మ్‌గార్ట్.

హాలంతా కదిలింది. ఎబర్‌హార్ట్ రెండు చేతులూ చాచి, విన్నారుగా అన్నట్టు చుట్టూ చూశాడు.

"అమ్మ పెట్టలేదు," అంది ఇర్మ్‌గార్ట్ మళ్ళీ. "నేను పెట్టాను."

"ఏమిటీ?"

"విరిగిన ఉయ్యాల తొట్టి బయట పెట్టమంది అమ్మ. పెట్టొచ్చాను. మళ్ళీ అటకెక్కి నీ పెట్టె దించాను, తాళంతో సహా. బరువుగా ఉంది. మెట్ల మీద రెండుసార్లు ఆగాల్సొచ్చింది."

"నీకు మతిపోయిందా ఇర్మీ? ఎందుకు?"

"ఎందుకా అన్నయ్యా? చిన్నప్పుడు క్రిస్మస్ వచ్చినప్పుడల్లా సోఫా మీద కూచున్నాను, చేతులు ఒళ్ళో పెట్టుకుని. సరే, అప్పుడు పిల్లవాడివి అనుకున్నా. నీకు ఇద్దరు కూతుళ్ళు పుట్టారు. రైలు దించు నాన్నా అని పెద్దది నీ కాళ్ళు పట్టుకు ఏడ్చింది. ఏమన్నావు? ఆడపిల్లలకెందుకు, మగపిల్లాడు పుట్టాక చూద్దాం అన్నావు. ఆ పై వారమే తుక్కు లారీ వచ్చింది." ఆవిడ గొంతు పెంచలేదు, గల్లా పెట్టె దగ్గర చిల్లర చెప్పినట్టే చెప్పింది. "నా జన్మలో దాన్ని ముట్టుకున్నది ఆ రోజే."

ఇర్మ్‌గార్ట్ జనం వైపు తిరిగింది.

"మేడ మీద కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ఎవడన్నా మగాడు వస్తే దిగివచ్చి వెనక్కి తీసుకుందామనుకున్నా. హెడ్విగ్ వచ్చింది, మిట్టమధ్యాహ్నం. పెట్టెను ఏప్రన్‌తో తుడిచింది. నేను కిందికి దిగలేదు."

హెడ్విగ్‌కు కళ్ళు మసకబారాయి, ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. "మరి ఇన్నాళ్ళూ మా అమ్మను దొంగ అంటుంటే నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"అన్నయ్య బీరు కొట్లో ఏమంటాడో నాకెవరు చెబుతారు? నిన్న సాయంత్రం, రేపు వచ్చి సాక్ష్యం చెప్పాలి అన్నాడు. వచ్చాను. తప్పు చేశానని చెప్పడానికి మాత్రం రాలేదు. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ పెడతాను."

బెర్తాకు అప్పుడు జ్ఞాపకశక్తి వచ్చింది. "అవునండీ, నేనూ చూశాను! హెడ్విగ్ బండిలో పెడుతుంటే..."

"నువ్వు ఊరుకో," అంది హెడ్విగ్.

సంఘం మనుషులు బూట్ల వంక చూసుకుంటున్నారు. ఎబర్‌హార్ట్ టోపీ తీసుకుని తలుపు వైపు తిరిగాడు. హెడ్విగ్ అడ్డంగా నిలబడింది. ఇన్నేళ్ళూ ఆయన్ను మీరు అని పిలిచింది, ఇక పిలవలేదు.

"మాట ఇచ్చి పోతున్నావేం ఎబర్‌హార్ట్?"

"పౌలీన్ కిమ్మెర్లె ఏమీ తియ్యలేదు," అని గొణిగాడు.

"కిటికీ బయటివాళ్ళకు వినపడలేదు."

"పౌలీన్ కిమ్మెర్లె ఏమీ తియ్యలేదు!"

"ఆ. ఇప్పుడు కూచో, రొట్టె తిను. ఇంజను నీకివ్వను, టౌన్‌హాలుకూ ఇవ్వను. చూడాలనిపిస్తే రా, ఏ నెలలోనైనా రా. తలుపు తీసే ఉంటుంది."

తర్వాత ఆవిడ వంటింట్లోంచి కుర్చీ తెచ్చి మీట ఉన్న నల్ల డబ్బా ముందు వేసింది. ఎర్ర చక్రాల ఇంజనును అరలోంచి దించి, పట్టాల మీద పెట్టి, వెనకాల పచ్చ పెట్టెలు తగిలించింది. ఇర్మ్‌గార్ట్ దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"కూచో ఇర్మ్‌గార్ట్. ఇటు తిప్పితే కదులుతుంది, ఇంకా తిప్పితే పరిగెడుతుంది. వేరే విద్యేం లేదు."

ఇర్మ్‌గార్ట్ కూచుంది. అలవాటుగా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి ఒక చెయ్యి తీసి మీట మీద వేసింది. రైలు గుర్రుమని కదిలింది, రొట్టెల డబ్బా దాటింది, కన్నంలో దూరి హాల్లోకి వచ్చింది. జనం కాళ్ళు వెనక్కి లాక్కుని దారి ఇచ్చారు. సోఫా దగ్గర మలుపు వస్తోంది. ఎబర్‌హార్ట్ చేతిలోని టోపీ జారిపోయింది.

"మలుపు! ఇర్మీ, మలుపు దగ్గర నెమ్మది! నెమ్మదిగా తిప్పమంటున్నానా!"

ఇర్మ్‌గార్ట్ అన్న మొహంలోకి చూస్తూ మీటను చివరికంటా తిప్పేసింది.